కుడివైపు లోపలికి

"దీన్ని చంపింది నువ్వా, నేనా?"

పళ్ళ డాక్టరు సైకిలు షాపు గుమ్మం ఎక్కుతూనే అడిగిన మాట ఇది. పలకరింపు లేదు, బాగున్నావా లేదు. భుజాన సైకిలు, ఎడమ మోచేతికి కట్టు, కుడిచేతిలో రుమాలు మూట. మూటను బల్ల మీద విప్పింది. అందులో మెలితిరిగిన వెనక గేరు, తెగిన చైను, విరిగిన అల్యూమినియం తునక ఒకటి.

ట్యూబుకి ప్యాచ్ అతికిస్తున్న గేర్లమ్మ లేచి చేతులు తుడుచుకుంది. వీధంతా ఆమెను పిలిచే పేరు అదే. పెట్టింది మామగారు, వెక్కిరింతగా. కొన్నాళ్ళకి వెక్కిరింత పోయి పేరు మిగిలింది.

"చూడకుండా ఎలా చెప్పను డాక్టరుగారూ? చూసి చెప్తా."

"నీ తప్పయితే?"

"నా తప్పయితే అదీ చెప్తా."

లోపల స్టూలు మీద కూర్చుని కిరసనాయిల్లో బేరింగు గుళ్ళు కడుగుతున్న మామగారికి ఈ మాట బొత్తిగా నచ్చలేదు. "అమ్మాయ్, తప్పు తప్పు అని నువ్వే దండోరా వేస్తావేంటి? ఆవిడ పడింది. పడితే ఏదో ఒకటి విరుగుతుంది. ఇందులో చూసేదేముంది?"

"నేను పడితే విరగలేదు పెద్దాయనా," అంది డాక్టరు. "విరిగితే పడ్డాను. రెండింటికీ తేడా ఉంది."

తేడా ఉందని గేర్లమ్మకి తెలుసు. ఆ సైకిలుకి కిందటివారం గేర్లు సర్దింది తనే. ఊళ్ళో సైక్లింగ్ క్లబ్బు వాళ్ళు ఏటా ఒకసారి కొండ దారిలో పోటీలు పడి ఆయాసపడతారు. దానికి ముందు, సాధనకి దిగే రోజుల్లో, అందరికీ సైకిళ్ళు గుర్తొస్తాయి. డాక్టరు ఆ క్లబ్బు కార్యదర్శి. సభ్యులందరి సైకిళ్ళ మరమ్మతూ ఏడాది పొడుగునా ఒకే షాపుకి ఇవ్వాలని క్లబ్బు అనుకుంటోంది, శనివారం మీటింగులో తేలుస్తారు. ఆ పని వస్తే షాపు నిలబడుతుంది. రాకపోతే, ఇంటి ఓనరు ఇప్పటికే రెండుసార్లు టేపు పట్టుకొచ్చి గోడలు కొలిచి వెళ్ళాడు. ఫోను కవర్లు అమ్మేవాడెవడో రెట్టింపు అద్దె ఇస్తానన్నాడట. షాపుకి జబ్బు చేసిందని ఎవరూ అనకుండానే, ఎత్తుకెళ్ళడానికి మనుషులు వాకిట్లో నిలబడ్డట్టుంది వ్యవహారం.

"శనివారంలోగా చెప్పు," అని డాక్టరు వెళ్ళిపోయింది. కుంటుతూ కాదు, విసవిసా.

*

గేర్లమ్మ పుట్టుకతో మెకానిక్కు కాదు. పెళ్ళికి ముందు ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేసింది. అద్దం చట్రంలో వెంట్రుకవాసి వంకరగా కూర్చున్నా పెట్టుకున్నవాడికి తలనొప్పే. అందుకని ఒక కన్ను మూసి, రెండో కంటితో అంచుని అంచుతో కలిపి చూడటం అక్కడ అబ్బింది. పెళ్ళిచూపుల్లో కూడా ఒక కన్ను మూసి చూసిందని మొగుడు ఇప్పటికీ అంటాడు. ఆయన బేకరీలో పొయ్యి దగ్గర పని చేస్తాడు. తండ్రి షాపు చూసుకోమంటే, "నాకు పిండి చాలు నాన్నా, గ్రీజు వద్దు" అని చిన్నప్పుడే చేతులు దులుపుకున్నాడు.

ఆ షాపు మేడ కింద ఒకే గది. రైలుపెట్టెలా పొడుగు, వెడల్పు తక్కువ. మామగారి చేతుల్లో అది ఇనప సైకిళ్ళ రాజ్యంగా వెలిగింది. మోటారు బళ్ళు వచ్చి రాజ్యం పోయింది, రాజు మాత్రం దిగనన్నాడు. తర్వాత ఒంట్లో కొవ్వు కరిగించుకోవడానికి జనం మళ్ళీ సైకిళ్ళెక్కారు. ఈసారి గేర్లున్నవి. మామగారు వాటిని ముట్టుకోలేదు. "సైకిలంటే రెండు చక్రాలు, ఒక చైను. ఈ గేర్లు దానికి పట్టిన గజ్జి," అన్నాడు.

కోడలు ఆ గజ్జిని చదువుకుంది. ఎవరో వదిలేసిపోయిన గేరు సైకిలొకటి విప్పి, మంచంకింద పరిచి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పి. మొదటిసారి బిగించాక మూడు ముక్కలు మిగిలాయి. "మిగిలినవాటితో ఇంకో సైకిలు చెయ్యి, లాభం," అన్నాడు మామగారు. రెండోసారి ఏమీ మిగల్లేదు. ఆయన స్టూలు కొంచెం పక్కకి జరుపుకుని ఆమెకి చోటిచ్చాడు. ఆ ఇంట్లో అంతకుమించిన సన్మానం లేదు.

ఆడమనిషి పానా పట్టిందని మెచ్చుకునే పెద్దమనుషులు అప్పుడప్పుడు వస్తారు. మెచ్చుకుని, గాలి ఊరికే కొట్టించుకుని వెళ్తారు. వాళ్ళవల్ల షాపుకి ఒరిగిందేమీ లేదు. క్లబ్బు వాళ్ళు అలా కాదు. మెచ్చుకోరు, డబ్బులిస్తారు.

*

విరిగినదాన్ని ఆమె తెల్లగుడ్డ మీద పరిచింది. వెనక గేరంటే పెద్ద మాయేమీ లేదు. వెనక చక్రానికి చిన్నా పెద్దా పళ్ళచక్రాలుంటాయి. చైనుని ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి నెట్టే చిన్న యంత్రమది. ఎత్తు ఎక్కేటప్పుడు చైను పెద్ద పళ్ళచక్రం మీదికి, అంటే స్పోకుల పక్కకి వస్తుంది. యంత్రం ఇంకొంచెం లోపలికి వంగిందా, స్పోకుల్లో పడుతుంది. తిరిగే చక్రం దాన్ని పట్టుకుని లాగేస్తుంది. ఇక్కడ జరిగింది అదేనని స్పోకుల మీది గీతలే చెప్తున్నాయి. ఎందుకు వంగిందన్నదే ప్రశ్న.

మొదటి అనుమానం తన మీదే. యంత్రం ఇంతకన్నా లోపలికి పోకూడదని హద్దు పెట్టే స్క్రూ ఒకటుంటుంది. అది వదులైతే మొత్తం పాపం మెకానిక్కుదే. గేర్లమ్మకి ఒక అలవాటుంది: స్క్రూ సర్దాక దాని తల మీద ఎర్ర గోళ్ళరంగు చుక్క పెడుతుంది. స్క్రూ కదిలితే చుక్క పగులుతుంది. ఆమె గోళ్ళకి మాత్రం ఏనాడూ ఆ రంగు అంటలేదు. దీపం దగ్గరికి లాగి చూసింది. చుక్క చెక్కుచెదరలేదు.

అయినా చెయ్యి ఆగలేదు. చైనుని ఒక్కో లింకూ వేళ్ళతో వంచింది. ఎక్కడా బిగుసుకోలేదు. పుల్లో, గడ్డో ఇరుక్కుందా అంటే, లేదు. విరిగిన తునక తీసుకుంది. గేరుని సైకిలు ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క అది, హ్యాంగర్ అంటారు. ఫ్రేము విరగకుండా తనే ముందు వంగి, విరిగి ప్రాణమిచ్చేలా మెత్తగా చేస్తారు దాన్ని. ఇంటి గొడవలో తనే తిట్లు తినే పెద్దకోడల్లాంటిది. విరిగిన చోట లోహం తళతళా మెరుస్తోంది. పాత బీట అయితే మురికిపట్టి నల్లగా ఉండేది.

"ఏం తేలింది?" మామగారు అడిగాడు.

"ఇంకా ఏం తేలలేదు మామయ్యా."

"తేలేదాకా గిల్లుతూ కూర్చో. ఆవిడకి తోలడం రాదు, అది తేల్చు ముందు."

ఆమె ఫోను చేసింది. "డాక్టరుగారూ, ఎటు పడ్డారు?"

అవతల మిషను రొద. "ఎటు పడితే ఏంటి? నేలమీద పడ్డాను."

"కుడివైపా, ఎడమవైపా?"

"ఎడమ. కట్టు చూళ్ళేదా?"

"పడేముందు అన్ని గేర్లూ బాగానే పడ్డాయా?"

"పడ్డాయి. ఎత్తు మొదలైంది. పెద్దదాని మీదికి వేశాను. కరకరమంది. అంతే."

"అంతకుముందు పెద్దదాని మీదికి ఒక్కసారైనా వేశారా?"

"చదునులో దానితో నాకేం పని? ఉండు. నోరు మూసుకోకండి, ఇంకా అయిపోలేదు. నీతో కాదులే."

గేర్లమ్మ ఫోను పెట్టేసి, గేరుని మళ్ళీ దీపం కిందికి తెచ్చింది. ఎడమకి పడితే కుడివైపు దెబ్బ తగలకూడదు. గేరుండేది కుడివైపు. దాని బయటి ముఖం మీద, రోడ్డు గీతల్లేని నున్నటి చోట, గోరంత మేర రంగు అంటుకుని ఉంది. ఆకుపచ్చ. ముదురు, మందపాటి ఇనామిల్ ఆకుపచ్చ.

ఆ రంగు ఆమెకి బాగా తెలుసు. ఊళ్ళో ఆ రంగు వేసిన వస్తువు ఒక్కటే ఉంది. మామగారి సొంత సైకిలు. ఒకప్పుడు అద్దెకిచ్చే సైకిళ్ళన్నిటికీ దొంగలు పోల్చుకుని వదిలేసేలా ఆయన వేసిన రంగది. చివరికి మిగిలిన ఒక్కదానికీ హ్యాండిలు నుంచి క్యారియర్ కమ్మీ దాకా ఏటా వేస్తాడు.

ఆమె తల తిప్పి చూడలేదు. వెనక గోడకి ఆకుపచ్చ సైకిలు ఆనుకునే ఉంటుందని చూడకుండానే తెలుసు.

*

సాయంత్రం షాపు మూసే పని మామగారిది. అది ఆయన హక్కు. రోజంతా పేవ్‌మెంటు మీద నిలబెట్టిన సైకిళ్ళని ఒక్కొక్కటే లోపలికి నడిపించి, పేకముక్కల్లా ఒకదానికొకటి ఆనించి, గది నిండుగా పేర్చి షట్టరు లాగుతాడు. ముందు తన ఆకుపచ్చది గోడకి, దాని మీదికి మిగతావన్నీ. దానికొక నియమం ఉంది: కుడివైపు లోపలికి. చైను, నూనె, మురికి అంతా కుడివైపే కదా. అది గోడవైపుంటే వచ్చేపోయేవాళ్ళ బట్టలు పాడవవు. ఆయనకి పని నేర్పినవాడు చెవి మెలేసి నేర్పిన పాఠం. ఇనప సైకిళ్ళకి అంతకన్నా మంచి పద్ధతి లేదు.

ఇన్నాళ్ళూ గేరు సైకిళ్ళు వచ్చిన రోజే వెళ్ళిపోయేవి. కొండ రైడు ముందు మాత్రం వరస కట్టి వచ్చాయి. డాక్టరుగారిదే మొదట తయారైంది. తీసుకెళ్ళడానికి ఆవిడకి తీరక, అది రెండు రాత్రులు షాపులోనే పడుకుంది.

గేర్లమ్మ మామగారికి ఏమీ చెప్పలేదు. తన సొంత గేరు సైకిలు మేడ మీంచి దించి, హ్యాంగర్ తిన్నగా ఉందో లేదో కొలిచింది. దానికి ఆమె చేసుకున్న పనిముట్టు ఒక పొడుగాటి ఇనప కడ్డీ, ఒక చివర బోల్టు. గేరు ఊడదీసి ఆ చోట కడ్డీ బిగించి, రెండో చివరని రిమ్ము చుట్టూ తిప్పితే, ఎక్కడ చూసినా రిమ్ముకీ కడ్డీకీ ఒకే ఎడం ఉండాలి. ఒక కన్ను మూసి చూసింది. ఒకే ఎడం. గేరు మళ్ళీ బిగించి, సాయంత్రం మామగారికి అప్పగించింది.

"ఇవాళ నాదీ లోపల పెట్టండి మామయ్యా. మెట్లు ఎక్కించలేను."

"తే. చోటుంది," అంటూ ఆయన దాన్ని కుడివైపు లోపలికి తోసి, ఆకుపచ్చదానికి ఆనించి, దాని మీద మిగతావి వాల్చాడు. చివరిదాన్ని మోకాలితో ఒక్క నొక్కు నొక్కితే గాని షట్టరు పడలేదు. ఆ నొక్కు కూడా రోజూ ఉన్నదే. ఆమె ఇంతకుముందు దాన్ని ఎప్పుడూ చూడలేదంటే, కళ్ళముందుది కాబట్టే.

పొద్దున్నే గేరు విప్పి కడ్డీ బిగించింది. తిప్పింది. పైన వేలెడు ఎడం, కింద అసలు లేదు. కడ్డీ రిమ్ముకి రాసుకుంది.

మామగారు టీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డాడు. కడ్డీ చూశాడు, ఆకుపచ్చ సైకిలు చూశాడు, కోడల్ని చూశాడు. ముసలాడికి గేర్లు తెలియకపోవచ్చు గాని, వంకర తెలుసు.

"రాత్రి తిన్నగా ఉందా ఇది?"

"ఉంది మామయ్యా."

ఆయన వీధివైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "దార్లో రాయి తగిలిందని చెప్పు," అన్నాడు. "కొండ దారి కదా, రాళ్ళకేం కరువు? ఎవడు చూడొచ్చాడు?"

"ఆవిడకి రాయని చెప్తా. వచ్చేవారం ఇంకోటి విరుగుతుంది. దానికేం చెప్పను? దానికీ రాయేనా? అన్ని రాళ్ళు నేనెక్కణ్ణుంచి తేను మామయ్యా?"

ఇది సత్యసంధత అని ఎవరైనా మురిసిపోతే పొరపాటు. అబద్ధం ఒక్కసారి ఆడితే సరిపోయేదైతే ఆమె ఆడేదేమో. సైకిలు సైకిలుకీ ఆడాల్సి రావడమే చిక్కు.

"అయితే నేను విరగ్గొట్టానని చెప్తావా?"

"షాపు విరగ్గొట్టిందని చెప్తా. తాళంచెవి మీ దగ్గర, పానా నా దగ్గర. ఇచ్చేముందు పెద్ద పళ్ళచక్రం మీద ఒక్కసారి తిప్పి చూసుంటే దొరికేది. నేను సర్దిందే కదా, మళ్ళీ చూడ్డమేంటి అనుకున్నా. నా పొగరు కూడా ఉంది అందులో."

"సగం సగమా?"

"సగం సగం."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు నా కొడుకువైతే ఒక్కటి తగిలించేవాణ్ణి."

"మీ కొడుకైతే రాయి తగిలిందనే చెప్పేవాడు."

ఆయన నవ్వలేదు. కాని స్టూలు మీదికి వెళ్ళి కూర్చోలేదు కూడా. ఆకుపచ్చ సైకిలు దగ్గర గొంతుక్కూర్చుని, క్యారియర్ కమ్మీ మీద రంగు లేచిపోయిన చోట బొటనవేలితో రాస్తూ ఉండిపోయాడు.

*

డాక్టరు క్లినిక్కులో బుగ్గలు పట్టుకున్న జనం మధ్య గేర్లమ్మ తన వంతు వచ్చేదాకా కూర్చుంది. లోపలికి పిలిస్తే కుర్చీ చూపించారు. ఆమె దాంట్లో కూర్చోకుండా సంచిలోంచి గేరు తీసి, పనిముట్ల పళ్ళెం పక్కన పెట్టింది. ఎర్ర చుక్క చూపించింది, ఆకుపచ్చ మరక చూపించింది, తన సైకిలు మీద రాత్రి పెట్టిన పరీక్ష చెప్పింది. మామగారి మోకాలు నొక్కు సంగతి కూడా దాచలేదు.

డాక్టరు మాస్కు దించి విరిగిన తునకని వేళ్ళ మధ్య తిప్పింది. "మా దగ్గరా ఇంతే. మెత్తటి రొట్టె తింటుంటే పన్ను విరిగిందని వస్తారు. రొట్టెదేముంది? అంతకుముందెప్పుడో సీసా మూత పళ్ళతో తీసుంటారు." తర్వాత గొంతు మారింది. "అయితే చంపింది నువ్వే."

"మా షాపు."

"నా మోచెయ్యి? కొండ దిగేటప్పుడు విరిగుంటే మోచేత్తో పోయేదా?"

గేర్లమ్మ ఆ మోచేతి కట్టు చూసింది. "ఆ వారం మీ వాళ్ళవి ఇంకో నాలుగు మా షాపులో రాత్రి ఉన్నాయి. వాటిని ఎవరూ ఎక్కొద్దని ఇప్పుడే చెప్పండి. నేనే ఇంటింటికీ వెళ్ళి కొలుస్తా. డబ్బులొద్దు."

డాక్టరు ఫోను అందుకుంది. "ఈ ముక్క మీటింగులో చెప్పగలవా? వాళ్ళు నాలా మర్యాదగా ఉండరు."

"మీరు మర్యాదగా ఉన్నారా?"

డాక్టరు ఫక్కున నవ్వబోయి ఆపుకుంది. "నెక్స్ట్!" అని కేకేసింది.

నాలుగు సైకిళ్ళలో రెండు వంగి ఉన్నాయి. వాటిలో ఒకటి డాక్టరుగారి భర్తది. మర్నాడే దాని మీద ఆయన కొండకి సాధనకి వెళ్ళాల్సింది. హ్యాంగర్లు కొంచెం వంగితే కడ్డీతోనే తిన్నగా చెయ్యొచ్చు. ఆ ఇళ్ళ వరండాల్లోనే కూర్చుని చేసిచ్చింది.

శనివారం మీటింగులో తిట్లు పడ్డాయి. ఆమె నిలబడి తింది. విరగని సైకిళ్ళ వాళ్ళే ఎక్కువ తిట్టారు, ఎక్కడైనా అంతే. ఒకాయన "మరమ్మతుకిస్తే మరణశాసనమా?" అని ప్రాసతో తిట్టి, తన ప్రాసని తనే మెచ్చుకున్నాడు. చివరికి డాక్టరు లేచి, "మిగతా షాపులవాళ్ళు మనకి చెప్పేది రాయి తగిలిందన్న కథే. ఈవిడ రంగు కూడా చూపించింది. ఆరు నెలలిచ్చి చూద్దాం," అంది. ఏడాదికి ఇవ్వలేదు గాని, ఆరు నెలలకి ఇచ్చారు. ఓనరు టేపు ప్రస్తుతానికి జేబులోకి వెళ్ళింది.

ఇంటికొచ్చేసరికి షాపులో మామగారు నిచ్చెనెక్కి ఉన్నాడు. గోడకి వరసగా మేకులు కొట్టి, వాటికి పాత ట్యూబు ముక్కలు తొడిగి, ఒక్కో సైకిలూ ముందుచక్రంతో వేలాడేలా కొక్కేలు చేస్తున్నాడు. ఎవరూ చెప్పలేదు, ఎవర్నీ అడగలేదు. గేరు సైకిళ్ళకి ఇకనుంచి ఒకదాన్నొకటి తాకే పనే లేదు. ఇనపవాటికి మాత్రం నేల మీదే చోటు. షట్టరు పక్కన గోడ మీద సుద్దముక్కతో పెద్దక్షరాలు: ఎడమవైపు లోపలికి.

"వేలాడదీశాక ఎడమేంటి, కుడేంటి మామయ్యా?"

"రాసుకోనీ. నేర్చుకున్నది ముందు చెరపాలి కదా," అన్నాడు నిచ్చెన మీంచి. "ముసలితనంలో ఎడమచేతి వాటం నేర్పావు. ఇచ్చారా?"

"ఆరు నెలలు."

"చాలు. ఆరు నెలల్లో నేనూ గేర్లు నేర్చుకుంటా. ఏం, మూడు ముక్కలు మిగిల్తే ఇంకో సైకిలు చేద్దాం."

మర్నాడు డాక్టరు కొత్త గేరు బిగించిన సైకిలు తీసుకోవడానికి వచ్చింది. గేర్లమ్మ ముందు పెద్ద పళ్ళచక్రం మీద తిప్పి చూపించింది, తర్వాత ఆవిడ చేతే తిప్పించింది. ఇప్పుడు ప్రతి సైకిలుకీ ఇదే పద్ధతి: యజమాని తిప్పకుండా గడప దాటదు. డాక్టరు మామగారి నోటివైపు వేలు చూపించి, "పెద్దాయనా, ఆ ముందు పన్ను కదులుతోంది. నెపం రొట్టె మీదికి నెట్టకముందే రండి," అని ఎక్కి వెళ్ళిపోయింది.

కొత్త గేరు, హ్యాంగర్ షాపు ఖర్చే. విడిభాగాల వ్యాపారికి సగం కట్టారు. మిగతా సగం ఇంకా బాకీ.